మంచు సముద్రంలో మంకీ క్యాపులు

నేను దక్షిణ మహాసముద్రంలో పనిచేశానని తెలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది పెంగ్విన్ల గురించే. దగ్గరగా చూశారా, ముట్టుకున్నారా, ఎత్తుకున్నారా అని. చూశాను. ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు. ఎత్తుకోవాలన్న సరదా ఎవరికైనా ఉంటే, గాలి వాటి వైపు నుంచి వీచే రోజున ఓ పావుగంట డెక్ మీద నిలబెడితే చాలు, ఆ సరదా జన్మలో మళ్ళీ పుట్టదు. చేపలు తిని ఒకేచోట గుంపులుగా కాపురం ఉండే పక్షుల వాసన ఫొటోల్లో రాదు కాబట్టి వాటికి అంత మంచి పేరు వచ్చింది.

ఉద్యోగం అయిపోయి తాడేపల్లిలో స్థిరపడ్డాక, సముద్ర శాస్త్రం చదివే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఓడ మీద పని ఎలా ఉంటుందో చెప్పమంటారు. ప్రమోషన్ల గురించి నేను చెప్పను. అవి వినేవాళ్ళకు విసుగు, చెప్పేవాళ్ళకు కడుపుమంట. మా పెద్దాయన మంకీ క్యాపు గురించి మాత్రం చెబుతాను. నా ముప్పై చిల్లర ఏళ్ళ సర్వీసులో అంతకంటే పనికొచ్చే పాఠం ఇంకోటి లేదు.

మొదటి వారం

కేప్‌టౌన్ రేవు దాటి దక్షిణానికి తిరిగిన దగ్గర్నుంచి మంచు మొదలయ్యేవరకూ ఉన్న సముద్రం మనుషుల కోసం తయారు చేసింది కాదు. ఓడ ఊగడం అని పుస్తకాల్లో రాస్తారు. ఊగడం ఉయ్యాల చేస్తుంది. ఓడ మనల్ని గోడకేసి కొట్టి, ఎలా ఉంది అని అడిగి, మళ్ళీ అవతలి గోడకేసి కొడుతుంది. భోజనాల బల్ల మీద గుడ్డ తడిపి పరుస్తారు, కంచాలు జారకుండా. కంచాలు జారవు. కంచంలో సాంబారు ఎదురుగా కూర్చున్నాయన ఒళ్ళోకి వెళుతుంది.

మా పెద్దాయన, అంటే ప్రధాన శాస్త్రవేత్త రాఘవరావు గారు, ఆ వారమంతా ఒక బకెట్‌ను వదిలిపెట్టలేదు. అందులోంచి తల ఎత్తినప్పుడల్లా మాకు ధైర్యం చెప్పేవారు. "ఇదంతా మనసులో ఉంటుందయ్యా, కడుపులో కాదు" అని సగం చెప్పి, మిగతా సగానికి మళ్ళీ బకెట్లోకి వంగేవారు.

ఆయనది గుంటూరు బ్రాడీపేట. మనిషి మంచివాడు. మంచివాళ్ళ కింద పనిచేయడంలో కష్టం ఏమిటో చెడ్డ బాసుల కింద పనిచేసినవాళ్ళకు తెలియదు, పాపం. చెడ్డవాడైతే సాయంత్రం అందరం కూర్చుని హాయిగా తిట్టుకోవచ్చు. రాఘవరావు గారిని తిట్టబోతే, ఎవరో ఒకరు "మొన్న మా పాపకి జ్వరమొస్తే సెలవిచ్చి, టికెట్ కూడా ఆయనే తీశాడు" అనేవారు. అక్కడితో సభ చల్లారిపోయేది.

ఆయనకు లోకంలో భయమున్నది చలి ఒక్కటే. గుంటూరు మనుషుల సంగతి మీకు తెలుసు. రోళ్ళు పగిలే ఎండలో మిర్చి యార్డులో బేరాలాడి వచ్చి, ఎండేముందండీ అంటారు. కార్తీకమాసం రాగానే మాత్రం పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళాలన్నా మంకీ క్యాపు ఉండాలి. ఈ లెక్కన చూస్తే ఆయన అంటార్కిటికా వైపు రావడమే పెద్ద సాహసం. అదే ఆయన ఆఖరి యాత్ర కూడా. తిరిగి వెళ్ళాక రిటైర్మెంట్.

మేం వెతికింది

మనం స్వెట్టర్లు, నైలాన్ చీరలు ఉతికినప్పుడల్లా కంటికి కనపడని పోగులు ఊడి మురుగులోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోతాయి. అలాంటి ప్లాస్టిక్ పోగులు భూమి అడుగున ఉన్న ఆ మంచు నీళ్ళ దాకా చేరాయా లేదా అన్నదే మా ప్రశ్న. ఓడను ఒకచోట నెమ్మదిగా నడిపి, సన్న వలతో సముద్రం పైపొరను జల్లించి, వలలో చిక్కింది సీసాలోకి కడిగి, వడగట్టి, మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. అలా ఆగిన ఒక్కో చోటును స్టేషన్ అంటాం.

ఇందులో తిరకాసు ఏమిటంటే, దొంగను వెతికే పోలీసు జేబులో కూడా అదే సొమ్ము ఉంటుంది. మా ఒంటి మీదా ప్లాస్టిక్ బట్టలే. అందుకని బయలుదేరేముందు డెక్ మీద తొడుక్కునే ప్రతి బట్ట నుంచీ ఒక ముక్క కత్తిరించి పెట్టెలో పెట్టుకుంటాం. వలలో నారింజ రంగు పోగు కనపడితే పెట్టె తీసి చూస్తాం. అది మా జాకెట్‌దైతే లెక్కలోంచి కొట్టేస్తాం.

పోగులు చూడటం నా పని. ఆ విద్య నాకు కాలేజీలో రాలేదు. మా నాన్న గుంటూరు దగ్గర జిన్నింగ్ మిల్లులో పత్తి రకం తేల్చే మనిషి. గుప్పెడు దూది తీసుకుని, వేళ్ళతో లాగి, పింజ పొడవు చెప్పేసేవాడు. దారంలో కల్తీ ఉందేమోనని అనుమానమొస్తే అగ్గిపుల్ల గీసేవాడు. పత్తి అయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. ప్లాస్టిక్ అయితే ముడుచుకుపోయి నల్లటి పూస కడుతుంది. ఓడలో మేం వేడి సూదితో చేసే పరీక్ష కూడా అదే. కాకపోతే దానికి ఇంగ్లీషులో పేరుంది.

టోపీల పంపకం

మొదటి మంచుగడ్డ కనపడిన రోజు రాఘవరావు గారు బకెట్‌కు వీడ్కోలు చెప్పి, ఒక సూట్‌కేసు మోసుకుంటూ మెస్‌లోకి వచ్చారు. దాన్నిండా ఎర్ర మంకీ క్యాపులు! ఆయన భార్య సుశీల గారు అందరికీ తలా ఒకటి అల్లి పంపారట. మిరపపండు ఎరుపు. చెవులు, గడ్డం, మెడ అన్నీ మూసుకుపోయి ముక్కూ కళ్ళూ మాత్రం బయటికి చూస్తాయి.

"మంచులో ఎవరు జారిపడ్డా ఎర్రగా దూరం నుంచే కనపడాలని ఆవిడే ఆలోచించిందయ్యా. ఈ రోజు నుంచి డెక్ మీద ఇదే మన యూనిఫాం" అన్నారు. గొంతులో ఎంత గర్వమో! నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఏడాది పాటు ఆవిడ సాయంత్రాలన్నీ ఆ సూట్‌కేసులో ఉన్నాయి.

కాదన్నది మాలకొండయ్య ఒక్కడే. పొదిలి మనిషి, మా వలలూ, వాటిని దించి లాగే వించ్‌లూ చూసేవాడు. నన్ను అక్కా అంటాడు, ఓడనూ సముద్రాన్నీ ఒరేయ్ అంటాడు. తలకు తువ్వాలు చుట్టి గడ్డం కింద ముడి వేసుకుంటాడు.

"నాకు ఊలంటే దురద సార్. అమ్మగారు అల్లింది గదా, పెట్లో బద్రంగా పెట్టుకుంటా" అన్నాడు. అతనికి మినహాయింపు దొరికింది. మిగతా అందరం ఎర్ర తలకాయలతో, వాటి మీద హెల్మెట్లతో వల చుట్టూ మూగి పని మొదలుపెట్టాం.

ఎర్ర పోగులు

మొదటి స్టేషన్ నీళ్ళలోనే ఎర్ర పోగులు కనపడ్డాయి. రెండోచోటా అంతే. ఆగిన ప్రతిచోటా నీలం, నలుపు పోగులు అరకొరగా ఉంటే, ఎర్రవి మాత్రం దండిగా ఉన్నాయి. సూది తగిలిస్తే పూస కట్టాయి. ప్లాస్టికే. పెట్టె తీసి చూశాను. మా బట్టల ముక్కల్లో ఎరుపు లేదు. ల్యాబ్‌లో తడి వడపోత కాగితం తెరిచి పెట్టి మా గాలిని కూడా పరీక్షించి చూసుకున్నాం, అక్కడా ఎరుపు లేదు.

రాఘవరావు గారి ఆనందం ఏం చెప్పను! "మనిషి అడుగు పెట్టని సముద్రంలో ఇంత ప్లాస్టిక్కా! శారదా, మనం చరిత్రలోకి ఎక్కాం" అన్నారు నాతో. ఆ ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో రోజుకో సిద్ధాంతం కట్టేవారు. ఒక రోజు దక్షిణ అమెరికా చేపల వలలు, ఇంకో రోజు ఎక్కడో మునిగిపోయిన సరుకు ఓడ. ఇండియాకు పంపాల్సిన సందేశం రాసి, కెప్టెన్ దగ్గర ఉంచారు. చివరి స్టేషన్ అవగానే పంపాలి. ఓడ దిగేసరికి విలేఖరులు రేవులో ఉండాలన్నది ఏర్పాటు.

ఆ చివరి స్టేషన్ మంచు అంచున ఉంది. అది అయిపోతే ఓడ ఉత్తరానికి తిరిగిపోతుంది. మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకునే ప్రశ్నే లేదు.

దువ్వెన

ఒక రోజు స్నానం చేసి తల దువ్వుకుంటున్నాను. నాది పెద్ద జడ. దువ్వెన పళ్ళ మధ్య జుట్టుతోపాటు ఎర్రటి నూగు. పారేయబోయి ఆగాను. ఏళ్ళ తరబడి మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషికి చెత్తను చెత్తగా చూడటం చేతకాదు. ల్యాబ్‌కి తీసుకెళ్ళి, సముద్రంలో దొరికిన పోగు పక్కన పెట్టి చూశాను. అదే రంగు, అదే లావు, అదే వంకీ. సూది తగిలించాను. అదే పూస.

టోపీలు పంచింది ఓడ బయలుదేరాక. అందుకే పెట్టెలో వాటి ముక్క లేదు. ల్యాబ్‌లోకి వెళ్ళేటప్పుడు అందరం టోపీ తీసి నూలు కోటు తొడుక్కుంటాం. అందుకే అక్కడి గాలి శుభ్రం. డెక్ మీద గాలిని విడిగా పరీక్షించాలని నేను మొదట్లోనే అడిగితే, "టైం వేస్టమ్మా, అక్కడ గాలి కంటే శుభ్రమైన గాలి ఎక్కడుంటుంది?" అన్నారు పెద్దాయన. ఆ శుభ్రమైన గాలిలోనే హెల్మెట్ల రాపిడికి మా టోపీలు నూగు రాలుస్తూ వచ్చాయి. మేం కనిపెట్టిన మహా కాలుష్యం బ్రాడీపేటలో కొన్న ఊలు, పేరుకే ఊలు, అసలుకి ప్లాస్టిక్ దారం.

నవ్వాగలేదు నాకు. పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వు అయ్యాక భయం వేసింది. ఈ సంగతి మేం చెప్పకపోతే రేపు ఇంకెవరో చెబుతారు. అప్పుడు నీలం పోగుల నిజం కూడా ఎర్ర పోగులతోపాటే చెత్తబుట్టలోకి పోతుంది. రిటైరయ్యే రోజున ఆయన పేరు చెప్పి లోకం నవ్వుతుంది. నేను నవ్వడం, లోకం నవ్వడం ఒకటేనా?

పెద్దాయనకు చెప్పడం

మాలకొండయ్యను పిలిచి చూపించాను. మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏందక్కా, సార్ వాళ్ళావిడ సముద్రమంతా అల్లేసిందా?" అన్నాడు.

"నవ్వకు. సార్‌కి ఎలా చెబుదాం?"

"నువ్వు చెప్పు. నేను వెనకమాల నుంచుంటా. ఆయన పడిపోతే పట్టుకునేదానికి ఒక మనిషి కావాల గదా."

ముందు మర్యాదగా ప్రయత్నించాం. టోపీల్లో చెమట పట్టి జలుబు చేస్తోందని నేనన్నాను. ఆయన అందరికీ అల్లం టీ పెట్టించారు. టోపీలు మాసిపోయాయి, ఉతికి ఆరేద్దామని మాలకొండయ్య అన్నాడు. ఆ చలిలో చివరి స్టేషన్ అయ్యేదాకా అవి ఆరవని అతని లెక్క. సార్ ఒక్క టోపీ కూడా ఉతకనివ్వలేదు. "సుశీల చేతి వాసన పోతుందయ్యా" అన్నారు. అంతమాట అన్న మనిషికి ఇంకేం చెబుతారు!

ఇక లాభం లేదని, శాస్త్రవేత్తకు శాస్త్రంతోనే చెప్పాలనుకున్నాను. ఆ రోజు భోజనాల దగ్గర ఆయన కుర్చీ పక్కన, ఊరగాయ సీసాల చాటున, ఒక గాజు పళ్ళెంలో తడి వడపోత కాగితం పెట్టి మూత తీసి ఉంచాను. డెక్ మీంచి నేరుగా వచ్చి కూర్చున్నారు. టోపీ తీయలేదు, మడిచి నుదుటి మీదికి లాక్కున్నారు. రేవులో విలేఖరులతో ఏం చెప్పాలో మాకు వినిపిస్తూ, మాట మాటకూ తల ఊపుతూ, చెవి దగ్గర గోక్కుంటూ తీరిగ్గా భోంచేశారు. మాలకొండయ్య పప్పు వడ్డించే నెపంతో ఆయన వెనకే నిలబడ్డాడు. ఆయన లేచాక పళ్ళానికి మూత పెట్టి ల్యాబ్‌కి పట్టుకుపోయాను.

"సార్, ఒక నమూనా చూసిపెడతారా? కొంచెం అనుమానంగా ఉంది" అన్నాను.

వచ్చి, కోటు తొడుక్కుని, మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పెడుతున్నకొద్దీ గొంతు పెరిగింది.

"అబ్బో! ఇంత దట్టంగా ఎక్కడా లేవే! శారదా, ఇది ఏ స్టేషనమ్మా?"

"మెస్ అండి."

"మెస్ అంటే?"

"భోజనాల బల్ల. మీ కుర్చీ పక్కన, ఉసిరికాయ పచ్చడికి ఉత్తరాన."

తల ఎత్తలేదు. మైక్రోస్కోపులో కన్ను అలాగే ఉంచి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. తరవాత చెయ్యి చాచి, తలుపు దగ్గర తగిలించిన టోపీ అందుకుని, ఒక పోగు లాగి, తనే సూది కాల్చి తగిలించారు. పూస కట్టింది. నావైపు చూడకుండా లేచి వెళ్ళిపోయారు.

వెనకాల నిలబడ్డ మాలకొండయ్య, "పడలా" అన్నాడు మెల్లగా.

కాగితం మీద ఎన్ని లెక్కలైనా తప్పని చెప్పొచ్చు. ఒక మనిషి ప్రేమతో చేసిన వస్తువు తప్పని చెప్పడం మాత్రం బాధగానే ఉంటుంది. అయినా చెప్పకపోతే ఆయనకు ద్రోహం చేసినట్టే అని ఇప్పటికీ అనుకుంటాను.

చివరి స్టేషన్

పొద్దున డెక్ మీదికి వెళ్ళేసరికి రాఘవరావు గారు మాకంటే ముందే ఉన్నారు. తలకు తెల్ల నూలు తువ్వాలు చుట్టి, గడ్డం కింద ముడి వేసి, పైన హెల్మెట్. పంటి నొప్పితో ఆస్పత్రికి వచ్చిన మనిషిలా ఉన్నారు. ముక్కు ఎర్రబడింది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చేతిలో తువ్వాళ్ళ దొంతర.

"టోపీలన్నీ సంచిలో వేసి కట్టేయండి. ఒక ముక్క కత్తిరించి పెట్టెలో పెట్టండి. నాదాంట్లోంచే కత్తిరించండి. తలా ఒక తువ్వాలు తీసుకోండి, మాలకొండయ్య ముడి నేర్పుతాడు" అన్నారు. ఆగి, నావైపు తిరిగారు. "డెక్ మీద గాలి పరీక్ష కూడా పెట్టమ్మా. నువ్వు మొదట్లోనే అడిగావు."

ఆ మాట ఆయన అందరి ముందూ అన్నారు. నేను చూసిన బాసుల్లో ఆ పని చేసినవారు ఆయన ఒక్కరే.

మాలకొండయ్య ముడి వేయడం నేర్పుతూ పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి ఉండబట్టలేకపోయాడు. "సార్, ఇప్పుడు అచ్చం మా పొదిలి పొగాకు రైతులాగా ఉండారు. బీడీ ఒకటే తక్కువ."

"నోరు మూసుకుని వల దించవయ్యా" అన్నారాయన. నవ్వారు కూడా.

వల దించాం, లాగాం, వడగట్టాం. ఎర్ర పోగు ఒక్కటీ లేదు. నీలానివి కొన్ని, నల్లవి కొన్ని ఉన్నాయి. అవి మా పెట్టెలోనూ లేవు, డెక్ గాలిలోనూ లేవు. నిజంగా సముద్రానివే. పాత నమూనాలన్నిట్లోంచీ ఎర్రవి ఏరి పక్కన పెడితే, మిగిలినవి చివరి స్టేషన్‌తో సరిపోయాయి. చిన్న ఫలితం, గట్టి ఫలితం. కెప్టెన్ దగ్గరున్న సందేశం వెనక్కి తెచ్చుకుని, పెద్దాయన దాన్ని తిరగరాశారు. అందులో చరిత్ర లేదు. రేవులో విలేఖరులూ లేరు. మేం దిగి ఆటోలాంటిదేదో పట్టుకుని పోయాం.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. సముద్రాన్ని అనుమానించే ముందు మీ నెత్తిని అనుమానించండి. గాలి పరీక్షకు టైం లేదన్న బాసుకు టైం దొరికేదాకా చెప్పండి. చెప్పేటప్పుడు తలుపు వేసి చెప్పండి.

సుశీల గారు

ఇండియా వచ్చాక ఒకసారి బ్రాడీపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. సుశీల గారు కాఫీ ఇస్తూ అడిగారు, "టోపీలు పనికొచ్చాయా అమ్మా?"

నాకు కాఫీ కొరపోయింది. రాఘవరావు గారు మాత్రం పేపర్లోంచి తల ఎత్తకుండా, "పనికి రావడమేమిటి! మేం ఆగిన ప్రతిచోటా నీ టోపీలే" అన్నారు. అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆవిడ సంతోషంగా లోపలికి వెళ్ళి ఇంకో గ్లాసు కాఫీ తెచ్చారు.

ఆ తరవాత చాలాకాలానికి నేను రిటైరైన రోజున దంపతులిద్దరూ వచ్చారు. దండలూ ఉపన్యాసాలూ అయ్యాక సుశీల గారు నన్ను పక్కకు పిలిచి, చేతిలో ఒక పొట్లం పెట్టారు. విప్పితే మంకీ క్యాపు. తెల్లగా, మెత్తగా ఉంది.

"ఊలు కాదమ్మా, పత్తి నూలు. చీరాల నుంచి తెప్పించి అల్లాను" అన్నారు. తరవాత నా చెవి దగ్గరికి వంగారు. "ఆయన ఓడ దిగి వచ్చిన రోజే నాతో అంతా చెప్పారు. నువ్వు కాఫీకి కొరపోతుంటే నేను లోపలికెళ్ళి ఎంత నవ్వుకున్నానో! ఇది మాత్రం పత్తే. నమ్మకం లేకపోతే ఓ పోగు లాగి కాల్చి చూసుకో."

అటు చూస్తే పెద్దాయన సీలింగ్ ఫ్యాన్‌ను పరిశీలిస్తున్నారు.

నమ్మకం లేక కాదు. వృత్తి అలాంటిది. ఇంటికి రాగానే లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీశాను. కాగితం కాలిన వాసన వచ్చింది. ఒక్కసారి మా నాన్న గుర్తొచ్చాడు. పూస కట్టలేదు.